దాహం వేయకముందే

ఆ వేసవిలో నాకు దొరికిన ఉద్యోగం, జనాన్ని నీళ్ళు తాగమని చెప్పడం.

మా పేటలోని చిన్నాసుపత్రి వాళ్ళు ఎండలు ముదిరే నెలలకు మాత్రం ఒక మనిషి కావాలన్నారు. చదవడం రావాలి, ఎండలో తిరగాలి, నలుగురి ముందు నోరు విప్పగలగాలి. మూడోది నాకు అవసరానికి మించే ఉందని మా ఆయన నవ్వి, వెళ్ళి చేరమన్నాడు. అత్తయ్యకే ఈ సంగతి మింగుడుపడలేదు.

"నీళ్ళు తాగమని చెప్పడానికి ఒక మనిషా? దాహం వేస్తే పసిపిల్లలకి కూడా తెలుస్తుంది కదే," అంది.

"దాహం వేయకముందే తాగాలట అత్తయ్యా."

"వేయకముందు ఎవరైనా ఎందుకు తాగుతారు?"

ఆ ప్రశ్నకు జవాబు డాక్టరమ్మ నాకు అప్పటికే నేర్పింది. దాహం అనిపించేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుందని, ఎండలో పనిచేసేవాళ్ళు గంటకోసారైనా నాలుగు గుక్కలు తాగాలని, తలనొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు కాలిపోవడం మొదలైతే వెంటనే నీడకు చేరాలని గడగడా చెప్పేశాను. అత్తయ్య అంతా విని, "బాగా వచ్చింది. ఇక వెళ్ళి బియ్యం కడుగు," అంది.

ఆసుపత్రి వాళ్ళు నాకొక గొడుగు, ఒక టోపీ, నీళ్ళలో కలుపుకునే ఉప్పు పంచదార పొట్లాలున్న సంచి, గుడ్డమీద బొమ్మలు వేసిన చార్టు ఇచ్చారు. చార్టులో పైన సూర్యుడు పళ్ళు బయటపెట్టి నవ్వుతుంటాడు. కింద ఒక మనిషి చెట్టు నీడన నిలబడి సీసా ఎత్తి నీళ్ళు తాగుతుంటాడు. నాకు అప్పగించిన చోటు కూరగాయల బజారు. అంటే మా ఇంటి ముందు వీధే.

మా ఇల్లు ఆ బజారు మూలమీద ఉంటుంది. ముందు గుమ్మం మెట్లు బజారులోకి దిగుతాయి. వెనక పెరడు, పెరట్లో స్నానాలగది, దాని పక్కన మరుగుదొడ్డి, ఆ వెనక ఒక సన్నటి సందులోకి తలుపు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ సందు తలుపు తెరవగా చూడలేదు. గడియ తుప్పుపట్టి గోడలో భాగమైపోయింది.

ముందు మెట్ల దగ్గర మాత్రం రోజూ ఒక యుద్ధం నడిచేది. ఎండ కాస్త పక్కకు జరగగానే మా మెట్లమీద నీడ పడుతుంది. బజారులో గంపలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఆ నీడలోకి వచ్చి కూర్చుంటారు. అత్తయ్య లోపలినుంచి చెంబుతో వచ్చి, మెట్లు కడుగుతున్నట్టుగా నీళ్ళు పోస్తుంది. వాళ్ళు లేస్తారు. తడి ఆరగానే మళ్ళీ కూర్చుంటారు. ఆమె మళ్ళీ చెంబు తెస్తుంది. ఇన్నేళ్ళలో ఇటువాళ్ళు అటువాళ్ళను ఒక్క మాట అన్నది లేదు. చెంబుకీ ఎండకీ మధ్య జరిగే వ్యవహారంలా ఉండేది.

మెట్లకు అందరికన్నా దగ్గరగా కూర్చునేది నిమ్మకాయల పిన్ని. పచ్చటి గుట్ట వెనక గొంతుక్కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరినీ వరస కలిపి పిలిచేది. అందరూ ఆమెను పిన్నీ అనేవాళ్ళు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా.

మొదటిరోజు నేను చార్టు విప్పి గోడకు తగిలిస్తుంటే అమ్మేవాళ్ళంతా బేరాలాపి మరీ చూశారు. ఏమీ కొనకుండా చెప్పడానికే వచ్చిన మనిషిని వాళ్ళు చూసి చాలాకాలమై ఉండాలి. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. తిరిగి అడిగితే ఒక్క తప్పు లేకుండా చెప్పారు.

"ఆ నీళ్ళు తాగేవాడెవడమ్మా, మీ చుట్టమా?" అని అడిగింది పిన్ని, చార్టులో మనిషిని చూపిస్తూ.

"కాదు పిన్నీ, ఆసుపత్రివాడు."

"ఎంత హాయిగా తాగుతున్నాడో చూడు," అంది ఆమె పక్కనున్న ఆకుకూరల అక్కతో. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. ఎందుకంత నవ్వో నాకు అర్థంకాలేదు. నా మాటలు బాగా ఎక్కాయన్న సంతోషంలో నేనూ నవ్వాను.

కొద్దిరోజులకు ఒక విషయం నాకు వింతగా తోచింది. పొద్దున నేను చూసిన నీళ్ళ సీసాలు సాయంత్రం కూడా అలాగే నిండుగా ఉంటున్నాయి. పొట్లాలు అడిగి తీసుకుంటారు, థాంక్స్ చెప్తారు, నడుముకున్న సంచిలో దోపుకుంటారు. అవి ఇళ్ళలో పిల్లలు నాలిక మీద వేసుకుని చప్పరిస్తున్నారని తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం పిన్ని సీసా మూత తీయగా చూసి, ఇక తాగుతుందనుకున్నాను. ఆమె ఆ నీళ్ళు నిమ్మకాయల మీద కప్పిన గుడ్డమీద చిలకరించింది.

"నాకు చెప్పిన మాటేంటి, నువ్వు చేస్తున్నదేంటి పిన్నీ? నిమ్మకాయలకి తాగిస్తున్నావా?"

"అవి వాడిపోతే ఎవరు కొంటారు తల్లీ."

"నువ్వు వాడిపోతే?"

"నన్ను ఎలాగూ ఎవరూ కొనరు," అని నవ్వేసి, ఎవరినో పిలవడంలో పడిపోయింది. ఆమె పెదవులు పొరలు లేచి ఉన్నాయి. పక్కనే నీళ్ళు. ముందు వందల నిమ్మకాయలు. ఏమీ లేక తాగకపోతే సరే, అన్నీ పెట్టుకుని ఎందుకు తాగటంలేదో నాకు అంతుబట్టలేదు. పేచీ పెట్టుకున్న పిల్లలా అదే ఆలోచిస్తూ ఇంటికి వెళ్ళాను.

డాక్టరమ్మకు చెబితే ఆమె నన్ను కోప్పడలేదు, వాళ్ళనూ తిట్టలేదు. పెన్ను మూత కొరుకుతూ కాసేపు కూర్చుంది. ఆమెకు నాకంటే పెద్ద వయసేమీ ఉండదు. ఏదైనా అర్థంకాకపోతే ముఖం వెలిగిపోయే రకం.

"బయట బల్లమీద కూర్చున్నవాళ్ళని చూశావా? మంట అని వచ్చే ఆడవాళ్ళు ఈ ఎండల్లో ఎక్కువైపోయారు. మూత్రంలో మంట, చలిజ్వరం. మందిస్తాను, తగ్గుతుంది, మళ్ళీ వస్తారు. వాళ్ళలో చాలామంది నీ బజారువాళ్ళే. అక్కడే పనిచేసే మగవాళ్ళు మాత్రం ఇదే బాధతో రావట్లేదు. ఎందుకంటావ్?"

"తెలీదండి."

"నాకూ పూర్తిగా తెలీదు. నీళ్ళు తక్కువ తాగితే వస్తుందని తెలుసు. ఎందుకు తాగట్లేదో పుస్తకాల్లో లేదు. నేను అడిగితే పనిలో మర్చిపోయామంటారు. నువ్వు బజారులో ఉంటావు. కొంచెం చూడు."

నేను చూసేలోపే పిన్ని పడిపోయింది.

మిట్టమధ్యాహ్నం, రోడ్డు సెగలు కక్కుతున్న వేళ, ఎవరికో నిమ్మకాయలు ఏరి ఇస్తున్న మనిషి ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. ఆ ఎండలో పళ్ళు టకటకలాడుతున్నాయి. గంపమీద కప్పిన తడిగుడ్డ తీసి ఒంటికి చుట్టుకోబోయి పక్కకు ఒరిగింది. నిమ్మకాయలు దొర్లి రోడ్డుమీద చెల్లాచెదురయ్యాయి. ఉల్లిపాయలు తెచ్చే తోపుడుబండిమీద పడుకోబెట్టి, నేనూ ఆకుకూరల అక్కా ఆసుపత్రికి తోసుకెళ్ళాం. నేను ఆమె నుదుటిమీద చెయ్యి వేసి, కాలినట్టయి వెంటనే తీసేశాను.

డాక్టరమ్మ నడుము పక్కన మెల్లగా తట్టగానే పిన్ని కెవ్వుమంది. మంట ముదిరి మూత్రపిండాల దాకా పాకిందని, ఇక్కడ తనవల్ల కాదని, పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ సెలైన్లు పెట్టారు. సాయంత్రానికి రెండు మాటలు మాట్లాడగలిగింది.

"నీకు చెడ్డపేరు తెచ్చానా తల్లీ?" అని అడిగింది నన్ను.

"నా పేరు సంగతి సరే. ఎందుకు తాగలేదు పిన్నీ?"

ఆమె కళ్ళు మూసుకుని, పాఠం అప్పచెప్పినట్టు మొదలుపెట్టింది. "దాహం వేయకముందే తాగాలి. గంటకోసారి తాగాలి. తెల్లటి బట్ట కట్టుకోవాలి. తలమీద గుడ్డ..." మధ్యలో ఆపి, "నా చోటు పోతుందేమో. నాలుగు రోజులు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు గంప దించేస్తారు," అంది. ఆమె భయమంతా దానిమీదే ఉంది.

"నేను కూర్చుంటాను," అన్నాను. మాట బయటికి వచ్చాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పిన్ని చోట్లో కూర్చున్నాను. ఆకుకూరల అక్క నాకు కాయలు ఎలా పేర్చాలో చూపించింది. మా ఇంటి మెట్లను అంత కిందినుంచి చూడడం నాకదే మొదలు. చాలా పెద్దవిగా కనిపించాయి. అత్తయ్య చెంబుతో వచ్చి, నన్ను చూసి, చెంబు అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చెప్పేదాన్ని నేనే కాబట్టి చార్టులో ఉన్నట్టే చేద్దామని, గుర్తుపెట్టుకుని మరీ నీళ్ళు తాగాను. ఎండ పెరిగేకొద్దీ ఇంకా తాగాను. ఒళ్ళు నిజంగానే తేలిగ్గా ఉంది. మధ్యాహ్నం కాకముందే లేవాల్సిన అవసరం పడింది. చుట్టూ కొనేవాళ్ళు. చేతిలో చిల్లర. కాసేపు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఇంకాసేపటికి ఎవరేమడుగుతున్నారో చెవికెక్కడం మానేసింది. ఆకుకూరల అక్క నా ముఖం చూసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఎన్ని సీసాలు తాగావు?"

"లెక్కపెట్టలేదు అక్కా. కాస్త ఈ కాయలు చూస్తుంటావా, ఇంట్లోకి వెళ్ళొస్తాను."

"వెళ్ళు, వెళ్ళు. నీ ఇల్లు ఎదురుగానే ఉంది."

రెండు అడుగులు వేశాక ఆ మాట నన్ను పట్టి ఆపింది. వెనక్కి తిరిగాను.

"మీరు ఎక్కడికి వెళ్తారు?"

ఆమె ఆకుకూర కట్టలు సర్దుతూ తల ఎత్తలేదు. "పొద్దున చీకటుండగా ఇంట్లో వెళ్ళి వస్తాం. మళ్ళీ రాత్రి ఇంటికి పోయాకే."

"మధ్యలో?"

"మధ్యలో ఎందుకొస్తుంది, తాగకపోతే?" గోడకు వేలాడుతున్న నా చార్టు వైపు చూసింది. "ఆ బొమ్మలో వాడికేం తల్లీ. ఏ గోడైనా చాలు."

మొదటిరోజు వాళ్ళు ఎందుకంతలా నవ్వారో అప్పుడు తెలిసింది. నాకు నవ్వు రాలేదు, అప్పుడు నేనున్న పరిస్థితి వేరు. పరుగెత్తాను.

తిరిగి వచ్చాక నా బుర్ర ఊరుకోలేదు. బజారు చివర మరుగుదొడ్లున్నాయని గోడమీద బాణం గుర్తు వేసి ఉంటుంది. రోజూ చూస్తూనే ఉంటాను. ఆ బాణం వెంట వెళ్ళాను. తలుపుల్లేవు. లోపల పైకప్పు దాకా ఖాళీ పళ్ళపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలో ఒక పిల్లి తన కూనలతో పడుకుని, నీకేం పని ఇక్కడ అన్నట్టు చూసింది.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. మా ఆయనకు మోటార్లు బాగుచేసే షాపుంది. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు.

"నా షాపు పక్కన కూడా ఇద్దరు పూలమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళెలా అని ఎప్పుడూ తట్టలేదు నాకు," అన్నాడు.

"అన్నం దగ్గర ఏం మాటలివి?" అంది అత్తయ్య. అయితే లేచి వెళ్ళిపోలేదు. ముద్ద కలుపుతూ, "పొద్దున చీకట్లో వెళ్తే మళ్ళీ రాత్రికేనా?" అని అడిగింది.

"అవునత్తయ్యా."

"నెలసరి రోజుల్లో?"

నేను అది అడగలేదు. నాకు తోచనే లేదు. తెలియదన్నాను. ఆమె కంచం తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను నిమ్మకాయల దగ్గరనుంచి లేచి ఇంట్లోకి వచ్చేసరికి పెరట్లో కొబ్బరినూనె వాసన. సందు తలుపు గడియ నల్లగా నిగనిగలాడుతోంది. కింద గుడ్డపేలిక, ఒక చిన్న సుత్తి. అత్తయ్య చేతులు కడుక్కుంటోంది.

"తుప్పు పట్టింది. ఊడేలా ఉంటే కాస్త రాశాను," అంది.

ఆమె ముందు గుమ్మంలోకి వెళ్ళింది. చేతిలో చెంబు లేదు. మెట్లమీద కూర్చున్నవాళ్ళు అలవాటు కొద్దీ లేవబోయారు.

"కూర్చోండి. వెనక సందు తలుపు తీసి ఉంటుంది పగలంతా. అవసరమైనవాళ్ళు అటునుంచి రండి. ఇటునుంచి కాదు, ఇల్లు తొక్కితే ఊరుకోను. చెప్పులు బయట. వచ్చినవాళ్ళు శుభ్రంగా కడిగి వెళ్ళాలి."

అంతే చెప్పి లోపలికి వచ్చేసింది.

ఆ రోజు ఎవరూ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. అత్తయ్య పెరట్లో బట్టలారేస్తున్నట్టు, గిన్నెలు తోముతున్నట్టు ఏదో పని పెట్టుకుని సందు తలుపు వైపు చూస్తూ ఉండేది. మరుగుదొడ్డిలో కొత్త సబ్బుబిళ్ళ పెట్టింది. అది అలాగే ఉంది.

"ఎందుకు రావట్లేదు?" అని నన్నే అడిగింది చివరికి.

"భయపడుతున్నారేమో."

"ఎవరికి?"

నేను పప్పులో రాళ్ళు ఏరుకుంటూ ఉండిపోయాను.

మొదట వచ్చింది పిన్ని. పెద్దాసుపత్రినుంచి వచ్చి, ఇంకా ముఖంలో రక్తం చేరకముందే మళ్ళీ గంప ముందు కూర్చుంది. తన చోటు పోనందుకు నన్ను కావలించుకుని, విషయం విని, వెంటనే లేచింది. బజారు కుళాయినుంచి బకెట్టు నింపుకుని సందులోంచి పెరట్లోకి వచ్చింది.

"నీళ్ళు లోపల ఉన్నాయి. ఇదెందుకు మోసుకొచ్చావు?" అంది అత్తయ్య.

"ఎండాకాలం కదా పెద్దమ్మగారూ. మీ నీళ్ళు మీకు కావద్దా?"

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదటిసారి. బయటికి వచ్చి చేతులు కడుక్కుని, పిన్ని అక్కడే పెరటి గట్టుమీద కూర్చుని, తన సీసాలో నీళ్ళు గటగటా తాగింది. ఎవరో తరుముతున్నట్టు తాగింది. అత్తయ్య ఆమెనే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత సందు తలుపు మూసింది లేదు. ఇద్దరు, ముగ్గురు, అందరూ. పిన్ని పెట్టిన పద్ధతే నిలిచింది. వచ్చేవాళ్ళు బకెట్టుతో వస్తారు. మా ఇంటి నీళ్ళు అయిపోతాయేమోనని బెంగపడ్డ మా ఆయన, సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు నిండుతుందోనని కొత్త బెంగ మొదలుపెట్టాడు. ఎదురు బట్టలకొట్టు ఆయన వచ్చి, సంసారుల ఇంట్లో ఈ రాకపోకలేమిటని, వాసన వస్తే వీధికంతా ఇబ్బందని గుమ్మంలో నిలబడి గొణిగాడు.

"మీ కొట్లో బాత్రూం ఉంది కదూ?" అని అడిగింది అత్తయ్య.

"ఉందండి."

"మీ కొట్లో బట్టలు మడతపెట్టే ఆడపిల్లలు మా పెరట్లోకి ఎందుకొస్తున్నారు మరి?"

ఆయనకు ఆ సంగతి తెలియదు. నిజానికి నాకూ తెలియదు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుందట, అడగడానికి పిల్లలకు సిగ్గట. మర్నాటినుంచి ఆ తాళంచెవి కొట్లో మేకుకు వేలాడింది.

డాక్టరమ్మ ఒకరోజు స్వయంగా వచ్చి పెరడంతా తిరిగి చూసింది. మళ్ళీ పెన్ను మూత కొరికింది. ఆ తర్వాత నా పని మారిపోయింది. చార్టు విప్పకముందు బాత్రూం ఎంత దూరమని అడగడం మొదలుపెట్టాను. ఇటుకల బట్టీలో అడిగాను, బస్సుల షెడ్డులో అడిగాను, బట్టలు కుట్టే రేకుల షెడ్డులో అడిగాను. ముందు ముఖాలు చూసుకునేవాళ్ళు. తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడేవాళ్ళు. ఒకచోట ఉందిగానీ తలుపుకు గడియ లేదు. ఒకచోట గడియ ఉందిగానీ మేస్త్రీ గది ముందునుంచి వెళ్ళాలి. ఇంత ఊళ్ళో ఇన్నేళ్ళు తిరిగాను కదా, ఈ ఊరు నాకెందుకు కనపడలేదా అని ఆశ్చర్యంగా ఉండేది. డాక్టరమ్మ ఇవన్నీ మున్సిపాలిటీకి మోసింది. వాళ్ళు వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళారు. బజారులో పళ్ళపెట్టెలు తీసి తలుపులు బిగించడానికి చలికాలం దాకా పట్టింది.

పిన్నికి మంట మళ్ళీ రాలేదు. ఆసుపత్రి బల్లమీద బజారు ఆడవాళ్ళు తగ్గారు. నా ఉద్యోగం వల్ల నిజంగా ఎవరో నీళ్ళు తాగారు.

ఇంట్లో మాత్రం ఒకరు తాగడంలేదని ఆ హడావిడిలోనే గమనించాను. అత్తయ్య చెల్లెలు ఫోన్ చేసింది, మనవరాలు పుట్టింది, చూసి వెళ్ళమని. బస్సులో పూటంతా ప్రయాణం.

"మోకాళ్ళు సహకరించట్లేదే. చల్లబడ్డాక చూస్తాను," అంది అత్తయ్య.

నాకు తెలిసి ఆమె ప్రతి వేసవిలో చల్లబడ్డాక అనేది, ప్రతి చలికాలంలో ఎండ వచ్చాక అనేది. ఫోన్ పెట్టేసి, ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూడడానికి డాబా మీదికి చకచకా మెట్లెక్కింది. ఆ మోకాళ్ళు ఏ మోకాళ్ళో నాకు అర్థంకాలేదు. దిగి వచ్చాక గ్లాసు నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది.

"అత్తయ్యా, మీరు కూడా..." అని మొదలుపెట్టాను.

"నీ ఉద్యోగం బజారులో చేసుకో. నా దగ్గర కాదు," అంది. ఆ గొంతు విన్నాక ఇంక కదిపే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ వేసవి చివర తొలివాన హఠాత్తుగా వచ్చింది. మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, గాలి లేచి, చినుకులు పడీపడకముందే కుండపోత. ముందు మెట్లమీద తలదాచుకోవడానికేమీ లేదు. బజారు ఆడవాళ్ళంతా గంపలు నెత్తిన పెట్టుకుని సందులోంచి మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు. పెరట్లో రేకు పంచ కింద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. అత్తయ్య వాళ్ళ మధ్యే ఒక పీట వేసుకుంది. నేను వంటింట్లో అందరికీ టీ పెడుతున్నాను. వంటింటి కిటికీ ఆ పంచలోకే ఉంటుంది.

తడిసిన మనుషులు కదా, పిన్ని గట్టిగా తుమ్మింది. ఆ వెంటనే, "అయ్యో, అయింది నా పని," అంది.

"ఏమైంది?" అంది ఎవరో.

"ఏమవుతుంది. చిన్నోడు పుట్టినప్పటినుంచి ఇంతే. తుమ్మితే కొన్ని చుక్కలు, దగ్గితే కొన్ని చుక్కలు. వానలో తడిశాం కాబట్టి ఇవాళ ఎవరికీ తెలీదు."

నవ్వులు. ఆకుకూరల అక్క తనకు గంప ఎత్తితే అంతేనంది. ఇంకో గొంతు, మెట్లు దిగితే అంది. నేను టీపొడి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్ని రోజులు ఇంతమందిని ఇన్ని ప్రశ్నలడిగాను. ఇది మాత్రం నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

నవ్వులు సర్దుకున్నాక ఒక సన్నటి గొంతు వినపడింది. అది అత్తయ్యదని పోల్చుకోవడానికి క్షణం పట్టింది.

"నాకు నవ్వినా అంతే."

అందరూ ఆమె వైపు తిరిగారు. తర్వాత పిన్ని, "అయితే ఇన్నాళ్ళూ మమ్మల్ని చూసి నవ్వకపోవడానికి కారణం అదా పెద్దమ్మగారూ? మేమంటే కోపమనుకున్నాం," అంది.

అంతే, పంచ అదిరిపోయేలా నవ్వారు. అందులో అత్తయ్య నవ్వూ ఉంది. "నవ్వించకండే, మీకు పుణ్యముంటుంది, నవ్వించకండి," అంటూ ఆమె లేచి మరుగుదొడ్డి వైపు పరుగెత్తడం కిటికీలోంచి చూశాను. ఆమె తిరిగి వచ్చి కూర్చున్నాక ఎవరూ అడగకుండానే చెప్పింది. ఎన్నేళ్ళయిందో బస్సెక్కి. ఒకసారి ప్రయాణంలో బస్సు ఆపమని అడగడానికి నోరురాలేదు. దిగేసరికి బట్టలు తడిసిపోయాయి. వెనక కూర్చున్న మనిషి చూశాడు. ఆ తర్వాత ఏ ఊరూ వెళ్ళలేదు, అందరికీ మోకాళ్ళని చెప్తూ వచ్చింది. గడప దాటితే చుక్క నీరు ముట్టదు. ఇంట్లో ఉన్నా భయమే, అలవాటైపోయింది.

"దానికి మందుందట కదా," అంది పిన్ని. "మందంటే మాత్ర కాదు. డాక్టరమ్మ నాకు కసరత్తు నేర్పింది. ఆపుకునేటప్పుడు చేసినట్టు లోపల బిగబట్టాలి, వదలాలి. నేనింకా మొదలుపెట్టి నాలుగు రోజులే. అడగడానికి నేనూ సిగ్గుపడ్డాను. ఆవిడేమో ఉప్పూ పప్పూ గురించి చెప్పినట్టు చెప్పేసింది."

నేను టీ గ్లాసులు పట్టుకుని బయటికి వెళ్ళాను. అందరూ నన్ను చూసి చటుక్కున వాన గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను కూడా వాన బాగా పడుతోందన్నాను.

వాన వెలిసి, గంపలన్నీ వెళ్ళిపోయాక, అత్తయ్య పంచ ఊడ్చింది. చీపురు మూలన పెట్టింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీ డాక్టరమ్మ దగ్గర లోపల మగవాళ్ళెవరైనా ఉంటారా?"

"ఉండరు అత్తయ్యా. ఆవిడొక్కతే."

"తలుపు వేస్తుందా?"

"వేస్తుంది."

ఆమె లోపలికి వెళ్ళింది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చింది. నేను గొడుగు తీసుకున్నాను.

ఆసుపత్రిలో బయట బల్లమీద కూర్చుని నేను గోళ్ళు కొరుక్కున్నాను. తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. లోపలినుంచి డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది, మాటలు అందడంలేదు. ఒకసారి ఇద్దరూ నవ్విన చప్పుడైంది. చెవి తలుపుకు ఆనించాలనిపించింది. ఎదురుగా కాంపౌండరు ఉన్నాడు కాబట్టి ఆగాను.

బయటికి వచ్చాక ఆమె నావైపు చూడకుండా నడక మొదలుపెట్టింది. వీధి చివరి దాకా ఓపిక పట్టాను.

"ఏమందత్తయ్యా?"

"ఏమంటుంది. కసరత్తు చెయ్యమంది, నీళ్ళు మానొద్దంది. నెలలు పడుతుందట, రోజూ చెయ్యాలట. ఎక్కడ కూర్చునైనా, నిలబడైనా చేసుకోవచ్చట. పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదట."

"బస్సులో కూడానా?"

"బస్సులో కూడా," అంది. కొంచెం దూరం నడిచాక, "చెల్లెలి ఊరికి వెళ్ళే బస్సు మధ్యలో ఎక్కడెక్కడ ఆగుతుందో మీ ఆయన్ని కనుక్కోమను," అంది.

రోడ్డుమీద నీళ్ళు నిలిచాయి. ఆమె ఒక గుంట ముందు ఆగింది. దాటడానికా అనుకున్నాను. దాటలేదు. గుంట వైపు చూస్తూ, ఏదో లెక్కపెడుతున్నట్టు కదలకుండా నిలబడింది.

"ఇప్పుడు చేస్తున్నారా అత్తయ్యా?"

"నీకెందుకే అన్నీ," అంది.

ముఖంలోకి తొంగిచూశాను. నిజంగానే ఏమీ తెలియలేదు.